మొరోవిండ్ ఆడబోయేవారికి అమోఘమైన సలహాలు

2002లో బెథెస్డా వాళ్ళు వదిలిన మొరోవిండ్‌ను ఇన్నేళ్ళకు మొదలుపెడుతున్నారా? నేను చెప్పినట్టు చేయండి. వారం తిరక్కుండా దాన్ని కంప్యూటర్లోంచి పీకేసి, "పాత గేమ్, పరమ చెత్త" అని నలుగురిలో ధైర్యంగా అనగలుగుతారు.

ఖైదీల ఓడ దిగి సెయ్‌డా నీన్ ఆఫీసులోకి వెళ్ళగానే మీకు ఏ విద్యలు వచ్చో అడుగుతారు. పొడుగు కత్తి అని రాయించుకోండి. తర్వాత అక్కడే బల్ల మీద దొరికే బాకు పట్టుకుని యుద్ధానికి బయల్దేరండి. ఊరి బయట ఒక బురదపీత ఉంటుంది. దాని మీదికి నడిచి వెళ్ళకండి, పరుగెత్తండి. పరుగుతో ఓపిక చూపే ఆకుపచ్చ పట్టీ అడుగంటుతుంది, ఆయాసపడేవాడి దెబ్బ తగలడం కష్టం. బాకు పీత డిప్పలోకి దిగినట్టు మీ కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. లోపల పాచికలు వేసుకున్న ఆట మాత్రం తగల్లేదు పొమ్మంటుంది. ఎన్ని పోట్లు పొడిచినా ఇదే వరస. చివరికి పీత చేతిలో చచ్చాక నింద ఆట మీద వేయండి. నిజానికి సగం నిందకు అది అర్హమే. తగలని దెబ్బను తగిలినట్టు చూపించడం ఏం పద్ధతి?

అదే ఊరి బయట దారిలో ఆకాశం నుంచి కేకలు వేస్తూ ఒక మాంత్రికుడు ఊడిపడి చస్తాడు, పేరు టార్హియెల్. అతని దగ్గర ఎగిరే మంత్రం రాసిన చుట్టలు మూడుంటాయి. అతను ఎలా చచ్చాడని ఆలోచించకుండా వెంటనే ఒకటి చదివి గెంతండి. 7 సెకన్ల పాటు మీ గెంతే శక్తికి 1000 కలుస్తుంది. ఊళ్ళకు ఊళ్ళు కింద జారిపోతుంటాయి. మంత్రం గాలిలోనే అయిపోతుంది, నేల మాత్రం అక్కడే ఉంటుంది. రెండో చుట్ట దిగేటప్పుడు చదవడానికని కనిపెట్టిన తెలివైనవాళ్ళు ఉన్నారు. అటువంటివాళ్ళు ఈ ఆటను ఏళ్ళ తరబడి వదల్లేకపోతున్నారు, వాళ్ళతో స్నేహం చేయకండి.

దారి చెప్పేవాళ్ళ మాట వినొద్దు. మ్యాప్ మీద బాణం గుర్తు ఎలాగూ ఉండదు. ఆర్కెన్‌థాండ్ శిథిలాలకు వెళ్ళి ఒక పెట్టె తెమ్మంటారు. మూన్‌మాత్ కోట దాటాలి, డ్వెమర్ అనే పాత జాతివాళ్ళ వంతెన ఎక్కాలి అని డైరీలో రాసి ఉంటుంది. అది చదవకుండా కొండకు అడ్డంపడి పోండి. క్లిఫ్ రేసర్లనే ఎగిరే జీవులు కీచుమంటూ వెంటపడతాయి, ఒకదాన్ని చంపేసరికి ఇంకోటి వస్తుంది (వీటిని సమర్థించేవాడు ఇంతవరకు పుట్టలేదు). తలుపు దగ్గరికి చేరాక దాన్నే బాదుతూ కూర్చోండి. పక్కన గొట్టానికి ఉన్న మర తిప్పితే అది తెరుచుకుంటుంది, మీరు మాత్రం అటు చూడకండి. ఆ మర కంటపడిన క్షణంలో కలిగే సంబరం మీకు దక్కకూడదనే నా తాపత్రయమంతా.

ఊరి నుంచి ఊరికి సిల్ట్ స్ట్రైడర్ ఎక్కితే కళ్ళు మూసుకోండి. అదొక మహాకాయపు పురుగు. బోలు చేసిన పెంకులో నిలబడ్డ మనిషి, బయటపడ్డ దాని లోపలి అవయవాలను మీటి నడుపుతాడు. చూస్తే ఈ లోకం మీద ఆసక్తి పుట్టే ప్రమాదం ఉంది. జెరెమీ సోల్ సంగీతాన్ని కూడా ఆపేయండి.

ఆట సవాలుగా ఉందనిపిస్తే యాష్ యామ్, బ్లోట్ కలిపి బుద్ధిబలం పెంచే మందు కాచండి. తాగండి. పెరిగిన బుద్ధితో మళ్ళీ కాచండి, అది ఇంకా ఘాటుగా వస్తుంది. ఇలాగే కాస్తూ పోతే వంటగదిలోనే సర్వజ్ఞులైపోతారు. అమ్మడానికి కాల్డెరాలో క్రీపర్ అనే బుల్లి రాక్షసుడున్నాడు. సరుకుకు పూర్తి ధర ఇస్తాడు, బేరమాడడు. ఇక ఆడటానికి ఏమీ మిగలదు.

చివరగా, బాల్మోరాలో చొక్కా లేకుండా తిరిగే కేయస్ కొసేడెస్ అనే పెద్దమనిషికి కాగితాలు అందించమంటారు. అందించకుండా చంపేయండి. జోస్యం తెగిపోయింది, పాత సేవ్ తెరుచుకోండి, లేదా పాడైన ఈ లోకంలోనే ఉండండి అని ఆట చెబుతుంది. మిమ్మల్ని ఆపదు. ఇప్పటి ఆటలైతే అలాంటివాణ్ణి చావనివ్వవు, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మళ్ళీ లేపుతాయి. ఇక్కడ కథ ముగిసింది కాబట్టి మీరు నిశ్చింతగా మూసేయొచ్చు. అయినా వివెక్ దేవుణ్ణే చంపి, అతని చేతితొడుగు పట్టుకుని, బతికున్న చివరి డ్వెమర్ యాగ్రమ్ బాగర్న్ దగ్గరికి వెళ్తే, బోలెడు ప్రాణబలం పోగొట్టుకుని దొడ్డిదారిన కథ ముగించొచ్చు. ఆ సంగతి నేను మీకు చెప్పలేదు.