నాలుగొందల ఏళ్ల వాయిదా

ప్రేమలో పోటీకొచ్చినవాడి మీద పగ తీర్చుకోవడానికి మన హీరోకి ఎంత టైము కావాలి? 2009లో వచ్చిన ‘మగధీర’ సినిమా లెక్కన 400 ఏళ్లు! 1609లో ఉదయగఢ్‌లో యువరాణి మిత్రవింద కోసం మొదలైన పేచీ మరుజన్మకు గానీ తెమల్లేదు. సివిల్ దావాలు వేసి కూర్చున్నవాళ్లు కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చు.

విలన్ రణదేవ్ బిల్లా నిలకడే నిలకడ. చచ్చి పుట్టినా అదే మొహం, అదే బుద్ధి, అదే అమ్మాయి!

హీరోగారి జ్ఞాపకశక్తి ఇంకా విడ్డూరం. ఆటోలో పోతుంటే అమ్మాయి చెయ్యి తగులుతుంది, షాక్ కొడుతుంది, అంతే. రేషన్ షాపు మిషన్ మీద ముసలమ్మ పదిసార్లు వేలు నొక్కినా, చీరకొంగుతో తుడిచి మళ్లీ నొక్కినా ఆ మిషన్ ‘మీరు మీరు కాదు’ అంటుంది. ఇక్కడ చెయ్యి తగిలీ తగలకముందే గత జన్మ రికార్డు బయటికొచ్చేస్తుంది!

అన్నట్టు, అప్పట్లో హీరో మీదికి వందమందిని తోలిన షేర్‌ఖాన్ ఈసారి సోలమన్‌గా పుట్టి అతని పక్షానే నిలబడ్డాడు. పాపం, పార్టీ మారడానికి ఆయనకి ఒక జన్మ పట్టింది. మన నాయకులకైతే నామినేషన్ల గడువు చాలు.