ఫ్లష్ ట్యాంక్ మర్యాద

ఇంట్లో పాడయ్యే వస్తువులన్నీ ఏదో ఒక గోల చేస్తాయి. మిక్సీ కాలిన వాసన కొడుతుంది, ఫ్రిజ్ కింద మడుగు కడుతుంది, కుక్కర్ సంగతి సరే సరి. ఫ్లష్ ట్యాంక్ ఒక్కటే పాడయ్యాక కూడా మర్యాద తప్పదు. లోపల నీళ్లు పొర్లుతూనే ఉంటాయి, కానీ నేల తడవదు, గోడకు చెమ్మ పట్టదు, కింది వాటావాళ్లు వచ్చి తలుపు కొట్టరు. ట్యాంకు మధ్యలో నిలబెట్టిన గొట్టం ఎక్కువైన నీటిని ఎవరికీ తెలియకుండా కమోడ్‌లోకి దింపేస్తుంది. అక్కణ్నుంచి అది పోయేది ఎలాగూ ఎవరూ ఆరా తీయని చోటికి. మన ఇళ్లలో ఫ్లష్ ట్యాంకులు ఏళ్ల తరబడి పొర్లడానికి ప్లంబర్లు దొరకకపోవడం కారణం కాదు, పాపం మన బద్ధకం కూడా పూర్తి కారణం కాదు. అసలు దోషం ఈ మర్యాదది.

బాగుచేయడం కష్టం కాబట్టే జనం ఊరుకుంటున్నారని అనేవాళ్లుంటారు. వాళ్లు మూత తీసి చూడలేదని అర్థం. తీయాలంటే ముందు దాని మీదున్న బ్రష్షులు, ఫినాయిల్ సీసా, ఖాళీ షాంపూ ప్యాకెట్లు దించాలి కాబట్టి చాలామంది అక్కడే విరమిస్తారు. విరమించనివాళ్లకు లోపల కనిపించేది బ్రహ్మవిద్యేం కాదు. నీళ్లు పెరిగితే బంతి లేస్తుంది, బంతి లేస్తే దాని చువ్వ నీటి దారి మూసేస్తుంది. నీళ్లలో తేలే వస్తువుల గురించి ఒకటి, మీటల గురించి ఒకటి, ఆర్కిమెడిస్ చెప్పిన రెండు సంగతులూ జంటగా కాపురం చేసే చోటు ఇది. స్నానం మధ్యలో లేచి పరిగెత్తాడని పేరు పడ్డ మనిషికి బాత్‌రూమ్‌లోనే స్మారకం దొరకడం న్యాయమే. పొర్లుతుంటే వేలితో బంతిని కాస్త పైకెత్తి చూడాలి. ఎత్తగానే నీళ్లు ఆగాయా, వాల్వు మంచిదే, బంతి ఎత్తు సరిగా పెట్టలేదు. పాతరకం ఇత్తడి చువ్వయితే కొద్దిగా కిందికి వంచాలి, కొత్తరకం ప్లాస్టిక్‌దైతే స్క్రూ తిప్పాలి, నీళ్లు గొట్టం అంచుకు అంగుళం కిందే నిలవాలి. ఎత్తినా ఆగలేదా, వాషర్ పోయింది. బంతే చిల్లిపడి నీళ్లు తాగిందని అనుమానమైతే విప్పి, కొబ్బరికాయ కొనేటప్పుడు ఊపినట్టు చెవి దగ్గర ఊపితే చాలు. కాయలో నీళ్లుంటే కొంటాం, బంతిలో ఉంటే పారేస్తాం. నీటిమట్టం గొట్టం అంచు దాకా రాకుండానే కమోడ్‌లోకి నీళ్లు జారుతుంటే మాత్రం తప్పు పైన లేదు, అడుగున ఉన్న రబ్బరుది. తేల్చుకోవడానికి జిలేబీలో వేసే రంగు చిటికెడు ట్యాంకులో కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడాలి. రబ్బరు పోతే కమోడ్‌లో జిలేబీ రంగు తేలుతుంది. నలుగురున్న ఇంట్లో ఆ అరగంట కాపలా కాయడమే మొత్తం మరమ్మతులో కష్టమైన పని.

ఇక ఆ వాషర్. రూపాయి బిళ్ల కన్నా చిన్నది. విప్పి వెలుతురులో పెట్టి చూస్తే నాజిల్ అంచు ఒత్తుకున్నచోట గుండ్రటి గాడి, గాడి చుట్టూ తెల్లటి పొక్కు కనిపిస్తాయి. గోరుతో గీకితే ఉప్పులా రాలుతుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం చేసే పని అది. ఒక పక్క ఇసుక రేణువంత లేచినా రబ్బరు అతకదు, మేడ మీది ట్యాంకులోంచి దూకే నీటికి ఆ సందు చాలు. ఆ నీటికి పది మీటర్ల దిగువన దాదాపు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది వాటాల వాషర్లకు పైవాళ్ల కన్నా ఎక్కువ పోటు. నిమ్మరసంలో నానబెడితే ఆ పొక్కు కరుగుతుంది. గాడి మరీ లోతుగా పడితే బిళ్లను తిరగేసి వేసుకోవచ్చు. అదే ప్లంబర్‌ను పిలిస్తే మూత తీయకముందే ‘మొత్తం సెట్ మార్చాలి సార్’ అంటాడు. అతన్ని తప్పుపట్టలేం, సెట్ మారిస్తే ఓ ఏడాది మన ఫోను ఎత్తనక్కర్లేదు.

పోతే పోనీ, కారేది ఓ సన్నని ధారేగా అంటారా? రెండు నిమిషాలకు 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండే ధార అనుకుందాం, చెవి పెడితేగానీ వినపడనంత. రోజుకు 144 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ లెక్క, జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో 55. అంటే పట్నంలో ఒక మనిషి, పల్లెలో ఇద్దరు మనుషులు వాడుకునేదానికన్నా ఎక్కువ నీటిని, రేషన్ కార్డులో పేరు లేని ఈ సభ్యుడు తాగేస్తున్నాడు. 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పించుకునే ఇంట్లో 35 రోజులకో ట్యాంకర్ అతనిదే. ఎండాకాలంలో ట్యాంకర్ డ్రైవర్‌ను ‘అన్నా, ఈ ఒక్క ట్రిప్పు’ అని బతిమాలుకునేవాళ్లు, ఆ ట్రిప్పు ఎవరి కోసమో తెలిస్తే బతిమాలడం మానేస్తారు. రెండు బటన్ల ఫ్లష్ పెట్టించాం, నీళ్లు ఆదా అవుతున్నాయి కదా అనేవాళ్లకూ ఇదే లెక్క. ఆరు లీటర్లకు బదులు మూడే వదిలితే ఒక్కసారికి మిగిలేది మూడు లీటర్లు. ఈ ధార మింగింది పూడ్చాలంటే రోజుకు 48 సార్లు చిన్న బటన్ నొక్కాలి. అంత అవసరం పడే ఇంటికి కావలసింది ప్లంబర్ కాదు, డాక్టర్.

కొందరు తెలివిగా ట్యాంకులోకి నీళ్లొచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, పక్కన బకెట్ పెట్టుకుంటారు. ఈ పద్ధతి ఇంటివాళ్లకు అలవాటైపోతుంది, చిక్కంతా చుట్టాలతోనే. వచ్చిన చుట్టం తువ్వాలు భుజాన వేసుకుని లేవగానే వెనకనుంచి ఉపదేశం మొదలవుతుంది. ‘అన్నయ్యగారూ, కింద కుడిపక్క కాక్ తిప్పితే నీళ్లొస్తాయండీ, అయ్యాక కట్టేయండి, గట్టిగా తిప్పకండేం, ఊడొస్తుంది.’ ఆయన లోపలికి వెళ్లేసరికి వచ్చిన పని మరిచిపోతాడు. పైగా ఎప్పుడో ఒకసారి తిప్పాల్సిన కాక్‌ను రోజుకు పదిసార్లు తిప్పితే దాని ఆయుష్షూ తీరుతుంది, అప్పుడు మేడ ఎక్కి మెయిన్ వాల్వే కట్టాలి.

గోల చేసే యంత్రం ముందు మనిషి ఎలా ఉంటాడో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ దశాబ్దాలపాటు ఇళ్లలో సైఫన్ తరహా ట్యాంకులే పెట్టాలన్నది నిబంధన. నీళ్లు ఒక వంపు ఎక్కి దిగాలి గనక అడుగున వాల్వూ లేదు, కారడమూ లేదు. బంతి మొరాయిస్తే పొర్లిన నీళ్లు గోడలోంచి బయటికి పెట్టిన గొట్టం ద్వారా నడివీధిలో పడేవి. ఎవరింట్లో ఏది పాడైందో వీధి మొత్తానికి తెలిసేది, పరువు కోసమైనా బాగుచేయించేవాళ్లు. 1999 నిబంధనలతో, 2001 జనవరి 1 నుంచి అడుగున వాల్వు ఉండే ట్యాంకులకు అనుమతి దొరికింది, పొర్లిన నీళ్లు లోలోపలే పోవచ్చన్నారు. నీళ్లు పొదుపు చేద్దామని తెచ్చిన ఆ వాల్వులే కారుతున్నాయని ఇప్పుడు అక్కడి నీటి సంస్థలు మొత్తుకుంటున్నాయి.

మన ట్యాంకులూ అలా బయటికే పొర్లాలంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. లోపలి గొట్టం లేకపోతే ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడు బంతి ఇరుక్కుంటే హాల్లో సోఫా తేలుతుంది. నిజమే, వరద నుంచి కాపాడే గొట్టాన్ని పీకేయమని ఎవరూ అనరు. దానికన్నా అర అంగుళం కింద ఇంకో సన్న కన్నం పెట్టి, పొర్లే నీటిలో మొదటి నాలుగు చుక్కలు బయట పడేట్టు చేస్తే చాలు. గోడకు తగిలించే మన చవక ప్లాస్టిక్ ట్యాంకుకు పక్కన ఓవర్‌ఫ్లో కన్నం ఉంటుంది, బాత్‌రూమ్ నేల తడిపి మరీ చెబుతుంది. దాన్ని పీకించి, గోడలో పాతి టైల్స్ కప్పేసే కన్సీల్డ్ ట్యాంకు పెట్టించుకుంటున్నాం. కాబట్టి ఆ నాలుగు చుక్కలూ సరిగ్గా కూర్చున్నవాళ్ల నడినెత్తిన పడేట్టు కంపెనీలు ఏర్పాటు చేయాలి. ముందు తడిసేది చుట్టాలే కదా అంటారేమో. ఇంటివాళ్లు ఆ చుక్కలకీ అలవాటుపడిపోయి, గొడుగు తీసుకుని లోపలికి వెళ్లే రకం. తల తుడుచుకుంటూ బయటికొచ్చి నలుగురిలో అడిగేది చుట్టాలే.