చేపల్లేని తొట్టికి కాపలా

ఆక్వాపోనిక్స్ మీద ఏ పుస్తకం తెరిచినా ఒక బొమ్మ కనిపిస్తుంది. చేప నుంచి బాక్టీరియాకు ఒక బాణం, అక్కణ్ణుంచి మొక్కకు ఇంకో బాణం, మొక్క నుంచి మళ్ళీ చేపకు మరో బాణం. చేప వదిలే అమ్మోనియాను బాక్టీరియా ఎరువు చేస్తుంది, ఆ ఎరువును మొక్క పీల్చుకుంటుంది, తేటపడ్డ నీళ్ళు చేప దగ్గరికే తిరిగొస్తాయి. ఆ బొమ్మలో మనిషన్నవాడు ఎక్కడా లేడు. నాకు నచ్చింది అదే. తవ్వే పని లేదు, కలుపు తీసే పని లేదు. ఈ వ్యవసాయాన్ని నా స్వభావం తెలిసినవాళ్ళెవరో కనిపెట్టారనుకున్నాను.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న స్థాయి ఆక్వాపోనిక్స్ మీద ఒక లావుపాటి పుస్తకం వేసింది. దాన్ని ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, వచ్చేపోయేవాళ్ళకు కనపడేలా హాల్లో పెట్టాను. చదివింది మాత్రం మా ఆవిడ. ఆవిడ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. నేను బొమ్మలు చూశాను.

మేడ మీద నడిమధ్యన అయిదొందల లీటర్ల తొట్టి పెడదామన్నాను. "లీటరు నీళ్ళు కిలో బరువండీ. అంటే అర టన్ను. కంకర బరువు వేరే. సరిగ్గా దాని కిందే మన మంచం ఉంది" అంది. ఇంజనీరు వచ్చి చూసి, తొట్టిని మూల స్తంభం మీదికి జరిపించాడు. తర్వాత మొక్కలకు మట్టి బదులు వేసే కంకర. బేరమాడి చవగ్గా తెచ్చాను. ఆవిడ గుప్పెడు గిన్నెలో వేసి వెనిగర్ పోసింది. బుసబుసా పొంగింది. సున్నపురాయి కలిసిందట, అది కరుగుతున్నకొద్దీ నీళ్ళ పీహెచ్ పైకే పోతుందట. లోడు వెనక్కి వెళ్ళింది. ఆటో బాడుగ రెండువైపులా నాదే.

ముప్ఫై సెంటీమీటర్ల లోతు కంకర పరుపు, కింద తొట్టి, మధ్యలో పంపు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. కళ ఉన్నదంతా బెల్ సైఫన్‌లో ఉంది. నిలువు గొట్టం మీద మూత బిగించిన పెద్ద గొట్టం బోర్లిస్తారు. పరుపులో నీళ్ళు గొట్టం అంచుదాకా నిండగానే సైఫన్ అందుకుని మొత్తం లాగేస్తుంది, అడుగున గాలి దూరగానే ఆగిపోతుంది. ఇందులో మోటారు లేదు, మీట లేదు. అయితే పంపు ధార సన్నగా ఉంటే సైఫన్ అందుకోదు, ఎక్కువైతే ఒకసారి అందుకున్నాక ఆగదు. "మొదలెట్టడానికి బద్ధకం, మొదలెడితే ఆపడం తెలీదు. అచ్చం మీరే" అంది మా ఆవిడ. కుళాయిని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ ఆదివారాలు కరిగించి, చివరికి దాన్ని దారికి తెచ్చాను. దారికొచ్చిన సైఫన్ గడియకోసారి గళగళమని పెద్ద చప్పుడు చేస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ చప్పుడు విని, "పాపం, ఎవరికో కడుపు బాగున్నట్టు లేదు" అన్నట్టు ముఖాలు పెట్టేవారు.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. కొత్త తొట్టిలో చేపల్ని వెంటనే వేస్తే అమ్మోనియాకే చచ్చిపోతాయి. ముందు బాక్టీరియా కాపురం పెట్టాలి. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటు చేస్తుంది, ఇంకో జాతి నైట్రైటును నైట్రేటు చేస్తుంది. నైట్రైటు కూడా చేపకు విషమే కాబట్టి రెండో జాతి వచ్చేదాకా ఆగాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ చేపల్లేని నీళ్ళకు మేత పెడుతూ కూర్చోవాలి.

"చేపలేవిరా?" అంది అమ్మ.

"ఇంకా రాలేదమ్మా. ఇప్పుడు బాక్టీరియాను పెంచుతున్నాను."

ఆకివీడు చెరువుగట్ల మీద పెరిగిన మనిషి. ఏమీ అనలేదు. కిందికెళ్ళి మా ఆవిడతో ఏదో అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మేత కోసం ఎరువుల కొట్లో కిలో యూరియా తెచ్చాను. రోజూ చిటికెడు వేసి, పొద్దున్నే టెస్టు కిట్టు పట్టుకుని ఇడ్లీల ముందు కూర్చునేవాణ్ణి. అమ్మోనియా ఉంటే గొట్టంలో పసుపు రంగు ఆకుపచ్చ అవుతుంది. రోజురోజుకూ చిక్కటి ఆకుపచ్చే తప్ప, నైట్రైటు జాడ లేదు. ఎండ చాల్లేదన్నాను, ఎండ ఎక్కువైందన్నాను, పక్కింటి పావురాల్ని కూడా అనుమానించాను. ఒకరోజు మా ఆవిడ యూరియా సంచి తిప్పి చూసి, "వేపపూత" అంది. మన దేశంలో ఎరువుగా అమ్మే యూరియాకు 2015లో వేపనూనె పూత తప్పనిసరి చేశారు. పూత ఎందుకంటే, నేలలో అమ్మోనియాను నైట్రేటు చేసే బాక్టీరియా జోరు తగ్గించి, ఎరువు వృథా కాకుండా చూడ్డానికి. అంటే నేను విస్తరి వేసి పిలుస్తున్నదెవరినో, గుమ్మంలో అడ్డుకుంటున్నదీ వాళ్ళనే.

అమ్మ దగ్గర యూరియా లేదు, రొయ్య తలకాయలున్నాయి. పాత బట్టలో మూటకట్టి తొట్టిలో వేలాడదీయించింది. కుళ్ళితే వచ్చేదీ అమ్మోనియానేగా. రెండు వీధులకు సరిపడా వాసన వచ్చింది. కానీ కొన్నాళ్ళకు అమ్మోనియా దిగింది, నైట్రైటు ఎగిసి తనూ దిగింది, నైట్రేటు గొట్టం ఎర్రబడింది. ఆ గొట్టాన్ని ఫోటో తీసి ఆఫీసులో అందరికీ పంపాను. "షుగర్ రిపోర్టా సార్?" అని అడిగారు.

చేపల్లో కొర్రమీను పిల్లల్ని ఎంచుకున్నాను. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, కరెంటు పోయినా బతుకుతుంది. పెద్దది చిన్నదాన్ని మింగుతుందన్న సంగతి కూడా పుస్తకంలో ఉండే ఉంటుంది, నేను చూసిన బొమ్మల్లో లేదు. తొట్టిలో శవం తేలదు, లెక్క మాత్రం తగ్గుతుంది. మిగిలినవి ఒకే సైజుకొచ్చాక ఎవరినెవరు మింగాలో తేలక శాంతి ఒప్పందానికొచ్చాయి. పాలకూర ఎదిగింది. లేత ఆకులు ఈనెలు పచ్చగా, మిగతా భాగం పసుపుగా తిరిగితే, ఇనుము చాల్లేదని చీలేటెడ్ ఐరన్ కొనిపించింది మా ఆవిడ. చేపల మేతలో మొక్కకు సరిపడా ఇనుము ఉండదట. ఖర్చంతా వేసి చూస్తే, మొదటి పాలకూర కట్ట పడిన ధరకు బజార్లో నాలుగు కిలోల పండుగప్ప వచ్చేది. ఆ లెక్క రాసిన కాగితం ఇప్పుడు ఇంట్లో లేదు.

చేప తినాల్సిన మృగశిర కార్తె వచ్చింది. మా కొర్రమీనులు జానెడు కూడా లేవు, తినే సైజుకు ఇంకా నెలలు పడుతుంది. అందరితోపాటు రాంనగర్ చేపల మార్కెట్లో నిలబడి, పండగ ధరకు కొర్రమీను కొనుక్కొచ్చాను. అమ్మ చేప కడిగిన నీళ్ళను ఎప్పటిలాగే మెట్ల పక్క కుండీలోని కరివేపాకుకు పోసింది. ఆ చెట్టుకు పంపు లేదు, సైఫన్ లేదు, టెస్టు కిట్టు లేదు. చేప, మట్టిలో బాక్టీరియా, మొక్క: బొమ్మలోని మూడూ ఉన్నాయి. మా ఇంట్లో దానంత ఏపుగా పెరిగింది మరోటి లేదు.

మేడ చూడ్డానికొచ్చిన పక్కింటాయన పాలకూరను మర్యాదకు చూసి, కరివేపాకు దగ్గర ఆగిపోయాడు. "ఆక్వాపోనిక్స్ అంటే ఏమో అనుకున్నానండీ, ఏం వాసన, ఏం ఆకు!" అన్నాడు. అమ్మ నావంక చూసింది. నేను రెండు పెద్ద రెమ్మలు విరిచి ఆయన చేతిలో పెట్టి, "పీహెచ్ జాగ్రత్తగా చూసుకోవాలండీ, అంతే" అన్నాను.