ఒకే ఒరలో రెండు కత్తులు

వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ యూనివర్సిటీలో వెల్ష్ భాషనూ అంతర్జాతీయ రాజకీయాలనూ జమిలిగా చదవబోయేవారికి పనికొస్తాయని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను వేల్స్ ఎప్పుడూ వెళ్ళలేదు. అందుకే మొహమాటం లేకుండా చెప్పగలుగుతున్నాను.

ముందుగా రెండు సబ్జెక్టులకీ రెండు నోటుబుక్కులు కొనండి. ఒకదాని సిరా ఇంకోదానికి అంటకూడదు. ఒకటేమో యావత్ ప్రపంచానికి సంబంధించింది. రెండోది 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో 17.8 శాతం మందికి వచ్చిన భాష. 2050 కల్లా మాట్లాడేవాళ్ళ సంఖ్యను పది లక్షలకు చేరుస్తామని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. పెట్టుకోనివ్వండి. ఇంట్లో మాట్లాడే భాషతో ప్రభుత్వానికేం పని అని మీరు గానీ అడిగారా, సిరా అంటినట్టే.

అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలో మొట్టమొదటి శాఖ ఈ సముద్రపొడ్డు ఊళ్ళో 1919లో ఎందుకు పుట్టిందని ఆరా తీయొద్దు. తీస్తే డేవిడ్ డేవిస్ అనే వెల్ష్ ఆసామీ తగులుతాడు. తాతగారు బొగ్గుతో గడించిన సొమ్ములోంచి ఆయనా, ఇద్దరు చెల్లెళ్ళూ విరాళమిచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన విద్యార్థుల జ్ఞాపకార్థం పెట్టిన పీఠం అది. ఇవన్నీ స్థానిక చరిత్ర కిందికొస్తాయి, మీ సిలబస్ కాదు.

ఇక వ్యాకరణం. వెల్ష్‌లో పదం మొదటి అక్షరం నిలకడగా ఉండదు. వేల్స్‌ను వాళ్ళు కమ్రి అంటారు. బాగానే ఉంది. వేల్స్‌కి వెళ్ళాలంటే అది గమ్రి అవుతుంది. వేల్స్‌లో ఉంటే ముక్కుతో పలికే ఙమ్రి. ముందు ‘మరియు’ చేరితే ఖమ్రి. సొంత దేశం పేరునే ఒక్క తీరున పలకనివాళ్ళు రేపు ఒప్పందం మీద సంతకం పెట్టి మాట మీద నిలబడతారా? కాబట్టి ఏదో ఒక రూపం ఎంచుకుని జీవితాంతం దానికే కట్టుబడి ఉండండి. నిఘంటువులో గ కింద వెతికితే గమ్రి దొరకదు, మూలరూపం క కింద ఉంటుంది. దొరకలేదంటే ఆ మాట లేదని రాసేయండి.

తెలుగు విద్యార్థులకు ఇక్కడో ప్రత్యేక హెచ్చరిక. మీకిదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అన్న పక్కన తమ్ముడు చేరితే అన్నదమ్ములు, తల్లి పక్కన తండ్రి చేరితే తల్లిదండ్రులు. త కాస్తా ద అయిపోతుంది. వెల్ష్‌లోనూ త ద అవుతుంది, క గ అవుతుంది. ప మాత్రం మన గసడదవాదేశంలో లాగా వ కాకుండా బ అవుతుంది. ఎనిమిదో తరగతిలో తెలుగు మేష్టారు బెత్తం పట్టుకుని చెప్పించిన సూత్రం ఐరిష్ సముద్రం ఒడ్డున పనికొస్తుందని తెలిస్తే చదువు మీద నమ్మకం పెరిగే ప్రమాదముంది. వెంటనే మర్చిపోండి.

అనువాదం గురించి బెంగ అక్కర్లేదు. అనువాదకులకు ఈమెయిల్ పెట్టండి, వచ్చిన జవాబును వచ్చినట్టు వాడుకోండి. 2008లో స్వాన్సీలో అదే చేశారు. భారీ వాహనాలకు ప్రవేశం లేదని ఇంగ్లీషులో రాసిన రోడ్డు బోర్డు మీద, కింద వెల్ష్‌లో అచ్చయింది ఇది: నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువదించాల్సిన పని ఏదైనా ఉంటే పంపండి. నన్నడిగితే దౌత్యభాషలో ఇంతకన్నా నిజాయితీ గల వాక్యం లేదు.

చార్లెస్ యువరాజు 1969లో కేర్నార్వన్ కోటలో పట్టం కట్టుకునే ముందు ఒక టర్ము అబెరిస్ట్‌విత్‌లోనే వెల్ష్ నేర్చుకున్నాడు. నేర్పిన గురువు వెల్ష్ జాతీయవాది. అందులో రాజకీయం ఏమీ లేదు. 1963లో కోర్టు సమన్లు వెల్ష్‌లో ఇవ్వాలంటూ కుర్రకారు ఊళ్ళోని ట్రెవెఖన్ వంతెన మీద కూర్చుని బళ్ళు ఆపేశారు. అది ట్రాఫిక్ సమస్య.

కొండ మీది జాతీయ గ్రంథాలయానికి మాత్రం వెళ్ళకండి, ఎక్కడం కష్టం. పైగా అక్కడో ఓక్ పెట్టె వ్యవహారం ఉంది. అమెరికా నానాజాతి సమితిలో చేరాలని కోరుతూ వేల్స్ ఆడవాళ్ళు 1923, 24లలో 3,90,296 సంతకాలు పోగుచేసి ఆ పెట్టెలో పెట్టి అమెరికా ఆడవాళ్ళకు పంపారు. దాదాపు వందేళ్ళకు, 2023లో, అది తిరిగొచ్చింది. చూశారంటే ఏ నోటుబుక్కులో రాసుకోవాలో తేలక చస్తారు.

చివరగా ఊరికి దక్షిణాన లాన్‌రస్టిడ్ దగ్గర రోడ్డు పక్కన ఓ పాత గోడ ఉంది. బస్సులో అటుగా వెళితే రెండో వైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఆ గోడ కథ ఇది: లివర్‌పూల్ నగరపు నీళ్ళకోసం 1965లో త్రవెరిన్ లోయలోని కాపెల్ కెలిన్ గ్రామాన్ని ముంచేశారు. బడీ, చర్చీ, ఇళ్ళూ నీళ్ళకింద పోయాయి. 1957లో పార్లమెంటులో ఆ బిల్లుకు వేల్స్ ఎంపీ ఒక్కరూ ఓటు వేయలేదు, అయినా నెగ్గింది. త్రవెరిన్‌ను గుర్తుంచుకోండి అని ఆ గోడ మీద ఎవరో రాశారు. మొదటి అక్షరం మాత్రం మార్చలేదు. వ్యాకరణం ప్రకారం అక్కడ త ద కావాలి. తర్వాత రాసినవాళ్ళు దాన్ని దిద్దారు. దుండగులు గోడను కూల్చితే జనం రాళ్ళు పేర్చి మళ్ళీ కట్టారు.

ఇప్పుడు గోడ మీద ఉన్నది ద్రవెరిన్.