చెక్ లైటు ఆర్పే విద్య

డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది. బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది. ఇలాంటప్పుడు గ్యారేజీ వైపు చూడటం పిరికితనం. ఆన్‌లైన్‌లో కొన్ని వందలు పెడితే అరచేతిలో ఇమిడే స్కానర్ రేపటికల్లా ఇంటికొస్తుంది. దాన్ని ఎంచుకునే పద్ధతి చెబుతాను, శ్రద్ధగా వినండి.

ముందుగా, మీ కారు ఏ సంవత్సరానిదో గుర్తు తెచ్చుకోకండి. స్టీరింగ్ కింద, మోకాలు తగిలే చోట పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి ఓబీడీ-2 అనే ఈ ఏర్పాటు తప్పనిసరి. మనకు భారత్ స్టేజ్-4 కార్లలో 2013 ఏప్రిల్ నుంచి. మీది అంతకుముందుదైనా సరే, సాకెట్ కనిపిస్తే దూర్చేయడమే. ఏడో పిన్ను మీద పాత కె-లైన్ నడుస్తోందా, ఆరు, పద్నాలుగు పిన్నుల మీద క్యాన్ నడుస్తోందా అని ఆరా తీసే చాదస్తులు కొందరుంటారు. కన్నం ఒకటే అయినప్పుడు లోపల మాట్లాడే భాష వేరే ఎందుకవుతుందండీ?

తర్వాత వెర్షన్ నంబరు. దీని కథ కాస్త చెప్పాలి. ఈ పరికరాలకు మూలం ఈఎల్‌ఎం327 అనే చిప్పు. కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళది. మొదటి వెర్షన్‌లో ప్రోగ్రాముకు తాళం వేయడం మరిచారు. ఇంకేం, లోకమంతా నకళ్ళే. 1.5 అనే వెర్షన్ ఆ కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు, బజార్లో విరివిగా దొరికేది మాత్రం అదే. ఇక 2.1 అని అచ్చేసి అమ్మేవాటిలో చాలావాటికి, 1.5 నకలుకు అర్థమయ్యే ఆదేశాలు కూడా కొన్ని అర్థం కావు. అయినా ఒకటిన్నర కన్నా రెండు పెద్దదని బడికెళ్ళే పిల్లాడికైనా తెలుసు కాబట్టి 2.1 తీసుకోండి. అసలు కంపెనీ 2022లో మూతపడింది. నకళ్ళకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఐఫోన్ ఉన్నవాళ్ళు పాతరకం బ్లూటూత్ స్కానర్ కొనాలి. అది ఐఫోన్‌తో కలవదు. వైఫైదో, బ్లూటూత్ లో ఎనర్జీదో కొంటే వెంటనే కలిసిపోయి, సాయంత్రమంతా ఏం చేయాలో తోచదు.

సరే, కలిసింది. కోడ్ వచ్చింది: పీ0171. మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని దాని అర్థం. ఈ సంగతి కంప్యూటర్‌కు చెప్పింది ఆక్సిజన్ సెన్సర్. కాబట్టి ఆ సెన్సర్‌నే పీకేయాలి. ఫిర్యాదు ఇచ్చినవాణ్ణే లోపలేసే పోలీస్ స్టేషన్లు ఎంత ప్రశాంతంగా ఉంటాయో ఊహించుకోండి. పొరపాటున కూడా లైవ్ డేటా పేజీ తెరవకండి. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలుంటాయి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆ రెండూ కలిపి ఇరవై శాతం పైకి పోయి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర మళ్ళీ సున్నా దరిదాపులకు దిగొచ్చాయనుకోండి, ఎక్కడో రబ్బరు పైపు చిట్లి దొంగగాలి పీలుస్తోందన్న అనుమానం వస్తుంది. అనుమానం వచ్చాక వెతకాలి. వెతికితే దొరుకుతుంది. దొరికితే చిన్న పైపు ముక్కతో పని అయిపోతుంది. ఇంత ఖర్చుపెట్టి స్కానర్ కొన్నది పైపు ముక్క కోసమా?

పీ0420 వస్తే మరీ అదృష్టం. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేస్తున్నట్టు లేదని కంప్యూటర్ గొణుగుతోంది. ఎగ్జాస్ట్‌లో లీకేజీ ఉన్నా, వెనక సెన్సర్ అలిసిపోయినా అదే కోడ్ రావచ్చు. మీకెందుకు, కన్వర్టర్ ఆర్డర్ పెట్టండి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళ కాలంలో కన్వర్టర్లు లేవు.

ఏబీఎస్ లైటు వెలుగుతుంటే కూడా ఇదే స్కానర్ పెట్టండి. "లోపాలేమీ లేవు" అంటుంది. అబద్ధం కాదు. చట్టం కార్ల కంపెనీలను అందరికీ తెరిచి చూపమన్నది పొగకు సంబంధించిన లెక్కలే. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల సంగతి ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా దాచుకుంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడావాళ్ళకు వీసీడీఎస్, ఫోర్డ్‌వాళ్ళకు ఫోర్‌స్కాన్ అని వేరే సాఫ్ట్‌వేర్లు ఉన్నది అందుకే. 2021లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తామని చెప్పాక ఫిగో, ఎకోస్పోర్ట్ యజమానులు కొందరు ఫోర్‌స్కాన్ నేర్చుకుని, రెండు క్యాన్ లైన్లకూ మారే స్విచ్ ఉన్న అడాప్టర్ వెతుక్కుని తంటాలు పడ్డారు. పాపం, అన్నీ ఒక్కదానితో అయిపోతాయని పెట్టె మీద రాసింది వాళ్ళు చదివినట్టు లేదు.

ఇప్పుడు అసలు విద్య. "కోడ్ చెరిపేయి" అనే మీట నొక్కండి. లైటు ఆరిపోతుంది! కోడ్ పడ్డ క్షణంలో వేగమెంత, వేడెంత అని కంప్యూటర్ దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే పోతుంది. పొగకు సంబంధించిన భాగాలు సరిగా ఉన్నాయో లేదో కంప్యూటర్ తనంతట తాను చేసుకునే రెడీనెస్ పరీక్షలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. కారు అమ్మేముందు ఇది తప్పక చేయాలి. కొనేవాడు జేబులోంచి సొంత స్కానర్ తీసి, "రెడీనెస్ ఇంకా పూర్తి కాలేదేంటండీ?" అన్నాడంటే, అలాంటివాడికి బండి అమ్మకండి.

పని అయ్యాక స్కానర్‌ను సాకెట్‌లోనే వదిలేయండి. పదహారో పిన్నుకు తాళం తీసినా కరెంటు ఆగదు, నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది. మీరు నెల్లాళ్ళు అమెరికాలో అబ్బాయి దగ్గరుండి వచ్చేసరికి స్కానర్ దీపం ఇంకా వెలుగుతోందో, బ్యాటరీనే ఆర్పేసిందో చూసుకోవచ్చు.

వారం తిరక్కుండా ఇంజన్ బొమ్మ మళ్ళీ వెలిగి, విజయవాడ ఆటోనగర్ దాకా పోవాల్సి వచ్చిందా? కంగారు పడకండి. అక్కడి మెకానిక్ తీసే పరికరం మీదానికి అన్నదమ్ముడే కావచ్చు. అతను కోడ్ చదివి, దాన్ని పక్కన పెట్టి, పైపుల వెంట కార్బ్ క్లీనర్ కొడుతూ ఇంజన్ చప్పుడు ఎక్కడ మారుతుందో చెవి పెడతాడు. "కొత్త సెన్సర్ ఎవరేశారు సార్?" అని అడిగితే మా బావమరిది అని చెప్పండి.