టెలిగ్రాం పద్దులో ఇంటర్నెట్

దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలై 15న ఆగిపోయింది. తెలంగాణ 2014 జూన్ 2న పుట్టింది. అంటే మన రాష్ట్రం కళ్లు తెరిచేసరికి టెలిగ్రాంకు సంవత్సరీకం కూడా కాలేదు. అయినా ఉమ్మడి రాష్ట్రం ఆస్తిపాస్తుల్లో ఒక పద్దు మన వాటాకు వచ్చింది: 131, సర్వీసు పోస్టేజీ, టెలిగ్రాం, టెలిఫోన్ చార్జీలు. నీళ్ల వాటా కోసం ఇంకా కొట్లాడుతున్నాం గానీ, ఇది మాత్రం అడగకుండానే దక్కింది.

2025 మార్చి 19న ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క గారు సభలో పెట్టిన బడ్జెట్ 3,04,965 కోట్లు. ఐటీ శాఖకు ఎంతిచ్చారో తెల్లారి పేపర్లో చూశాం. మరి సూర్యాపేట కలెక్టరేటులో కంప్యూటర్లకు, కోదాడ తహసీల్దారు ఆఫీసులో నెట్ బిల్లుకు, మిర్యాలగూడ చుట్టుపక్కల వడ్ల కొనుగోలు కేంద్రాల్లో ట్యాబ్‌లకు కలిపి ఎంతయిందో? అది ఐటీ శాఖ పేజీలో ఉండదు. ఏ శాఖ ఖర్చు ఆ శాఖది. కొంత ఆ టెలిగ్రాం పద్దులో, కొంత ఆఫీసు ఖర్చుల్లో, కొంత ఇతర చార్జీల్లో, చీపుర్లు, ఫినాయిలు, చాయ్ బిల్లుల పక్కన సర్దుకుని కూర్చుంటుంది.

ఏదో ఒక మండలాఫీసులో ఈ ముచ్చట జరిగే ఉంటుందని నా ఊహ.

"సార్, ప్రింటర్ పాడైంది. కొత్తది కావాలె."

"పద్దున్నదా?"

"లేదు సార్."

"అయితే పాడు కాలేదని రాయి."

ఈ ఖర్చును విడిగా చూపించే దేశమూ ఉంది. అమెరికాలో 1996లో క్లింగర్-కోహెన్ చట్టం తెచ్చారు. ఏ ఏజెన్సీకి ఐటీలో ఏం కావాలో, ఎందుకో, ఎంతో బడ్జెట్ అడిగేటప్పుడే విడిగా రాసివ్వాలి. 2009 నుంచి ఆ లెక్కలు జనం చూడటానికి డ్యాష్‌బోర్డు కూడా పెట్టారు. అంత రాసినా 2013 అక్టోబరు 1న అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ మొదటి రోజే చతికిలబడింది. కాబట్టి లెక్క రాస్తే సర్వర్ నిలబడుతుందని నేననను. పడ్డాక ఎవరి గల్లా పట్టుకోవాలో మాత్రం తెలుస్తుంది.

మనవాళ్లకు లెక్కలు రావని కాదు. భూముల పోర్టల్ ధరణి 2020 అక్టోబరు 29న మొదలైంది, 2025 ఏప్రిల్ 14న దాని జాగాలో భూభారతి వచ్చింది. రైతు ఎకరాకు ఎంత కట్టాలో, ఏ చలానాకు ఎంతో, ధరణి పైసాతో సహా చెప్పేది, ఇప్పుడు భూభారతి చెబుతోంది. వసూలు దగ్గర ఏ పద్దూ గల్లంతు కాదు.

ఇక సర్కారు డబ్బు ఇవ్వాల్సిన చోట, వడ్ల కేంద్రం సంగతి. తేమ చూడాలి, కాంటా పెట్టాలి, లారీ మిల్లుకు పోవాలి, ట్రక్ షీటు రావాలి, ఆపైన ట్యాబ్ ఎంట్రీ. అది పడితేనే రైతు ఖాతాలో డబ్బు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోతుంది. కేంద్రం నడిపే ఐకేపీ మహిళా సంఘం అక్క తన ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేస్తుంది. దాని రీచార్జి ఏ పద్దు కిందకొస్తుందంటారా? మొన్న కోడిగుడ్లు అమ్మిన పైసలు.