యాభై మందిలో పంతొమ్మిది మంది కో-లీడర్లు

మా మేనల్లుడు బయోడేటాలో 'నాయకత్వ అనుభవం' అని ఒక గీత గీసి, దాని కింద 'యాభై మంది బృందాన్ని మూడేళ్లుగా నడుపుతున్నాను' అని రాశాడు. ఏ బృందంరా అంటే ఫోన్ చూపించాడు. క్లాష్ ఆఫ్ క్లాన్స్! 2012లో ఫిన్లాండ్ కంపెనీ సూపర్‌సెల్ వదిలిన ఆట. ఒక క్లాన్‌లో యాభై మందికి మించి పట్టరు. కాబట్టి అంకె మాత్రం నిజమే.

క్లాన్ నడిపినవాడికి ఏ ఎంబీఏ అక్కర్లేదని వాడి వాదన. ఇలాంటి వాదనలు ఈ మధ్య పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ చేస్తున్నారు. సరే, ఆ విద్యేదో చూద్దామని నేనూ చేరాను.

హోదాలు నాలుగు: మెంబర్, ఎల్డర్, కో-లీడర్, లీడర్. లీడర్ ఒక్కడే. కో-లీడర్లు ఎంతమందైనా ఉండొచ్చు. కొంప మునిగేది అక్కడే. "అన్నా, కో ఇస్తావా, పొమ్మంటావా?" అన్నది మా చాట్‌లో రోజూ సుప్రభాతం. జీతం లేదు, బాండు లేదు, ఒక్క నొక్కుతో ఎవడైనా పోవచ్చు. అందుకే మావాడు అడిగినవాడికల్లా పదవి ఇచ్చాడు. 2019లో ఆంధ్రప్రదేశ్‌కి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులంటే పగలబడి నవ్వినవాడే, పంతొమ్మిది మంది కో-లీడర్లను చేశాడు. వాళ్లలో పక్కవాడికి ట్రూప్స్ డొనేట్ చేసేవాళ్లు ముగ్గురు.

వార్ వస్తే చూడాలి తమాషా. 23 గంటలు సన్నాహం, 24 గంటలు యుద్ధం, మనిషికి రెండు ఎటాక్‌లు. మొదటిరోజు "ఎదుటి క్లాన్‌లో మూడో నంబర్ నాది, ఎవరూ ముట్టుకోవద్దు" అని ఒక కో-లీడర్ గారి ఆజ్ఞ. రెండోరోజు గడువు ముగిసినా ఆ మూడో నంబర్ చెక్కుచెదరలేదు. అయ్యగారు పెళ్లిలో ఉన్నారట, సిగ్నల్ లేదట. భోజనాల ఫొటోలు మాత్రం స్టేటస్‌లో గంటగంటకీ వచ్చాయి. ఓడిపోయాక విచారణ జరిగింది. కిక్ ఎవరికి? రెండు ఎటాక్‌లూ చేసి ఒక్కోదాంట్లో ఒక్కో స్టార్ తెచ్చిన పదో తరగతి కుర్రాడికి! కో-లీడర్‌ని తీస్తే పద్దెనిమిది మంది అలుగుతారు, మెంబర్‌ని తీస్తే అడిగేవాడు ఉండడు. ఇంతే ఆ మేనేజ్‌మెంట్ విద్య.

ఆ నెలలోనే కొత్తగా పదవి అందుకున్న ఇరవయ్యో కో-లీడర్‌కి ఓ అర్ధరాత్రి కోపం వచ్చింది. ఎల్డర్లనీ మెంబర్లనీ వరసపెట్టి గెంటేశాడు. సాటి కో-లీడర్‌ని గెంటే అధికారం ఆటలో ఎవరికీ లేదు, లీడర్‌కి తప్ప. ఆయన నిద్రపోతున్నాడు. తెల్లారేసరికి క్లాన్‌లో మిగిలింది లీడర్, ఇరవై మంది కో-లీడర్లు. అంతా పల్లకీ ఎక్కేవాళ్లే, మోసే బోయీ ఒక్కడు లేడు.

బయోడేటాలో యాభైని ఇరవై ఒకటి చేశావా అని మేనల్లుణ్ణి అడిగాను. లేదు మామయ్యా, 'సంక్షోభ నిర్వహణ' అని ఇంకో లైను చేర్చాను అన్నాడు.

ఆ పదో తరగతి కుర్రాడు సొంత క్లాన్ పెట్టాడు. గెంటించుకున్నవాళ్లం పదకొండు మందిమి అందులో చేరాం. కో-లీడర్లు సున్నా. నేనూ అడిగి చూశాను. ముందు ట్రూప్స్ ఇవ్వండి అంకుల్ అన్నాడు.